గడి ఖాళీగా ఉండకూడదు

అతన్ని అందరూ డిగ్రీ అంటారు. ఏదో పెద్ద చదువు చదివాడని కాదు, అంత సీన్ లేదు. ఊరి చివర కోల్డ్ స్టోరేజీలో పన్నెండు గదులున్నాయి. అరగంటకోసారి ప్రతి గది తలుపు దగ్గరా ఆగి, మీటరు చూసి, ఎన్ని డిగ్రీలుందో రిజిస్టర్లో ఎక్కించడం అతని ఉద్యోగం. మందు సీసాల గదిలో నాలుగు, ఐస్‌క్రీమ్ గదిలో మైనస్ ఇరవై. స్వెటర్ మీద స్వెటర్, చెవులు కప్పే టోపీ, మెడలో తాడుకు వేలాడే పెన్ను. పదకొండేళ్ళలో ఒక్క గడి ఖాళీ వదిలిన పాపాన పోలేదు. అక్కడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిన మొదటి రూలు అలాంటిది మరి: గడి ఖాళీగా ఉంటే సరుకు చెడినట్టే. లోపల సరుకు నిక్షేపంగా ఉండొచ్చు గాక. ఆ అరగంటలో ఎవరూ చూడలేదు కాబట్టి మొత్తం తీసి పారబోయాల్సిందే.

మందు సీసాలకు ఈ రూలు బాగానే పనికొచ్చింది. మనవాడు దాన్ని తీసుకెళ్ళి ఒక ఆడపిల్ల మీద రుద్దాడు, చిక్కంతా అక్కడ వచ్చింది.

ఆ అమ్మాయి కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పని చేసేది. ఎర్ర మైనాన్ని స్పిరిట్ దీపం మీద కరిగించి, గట్టిపడేలోగా చిన్న కత్తితో చిగుళ్ళు చెక్కేది. అందుకే డిగ్రీ వాళ్ళక్క ఆమెకు మైనంపిల్ల అని పేరు పెట్టింది. ఒకసారి ఐస్‌క్రీమ్ గది తలుపు విసురుగా వచ్చి మూతికి కొట్టడంతో డిగ్రీ ముందుపన్ను విరిగింది. కొత్త పన్నుకు రంగు సరిచూడమని డాక్టరు అతన్ని ఆ ల్యాబుకు పంపాడు. ఆమె నమూనా పళ్ళ వరస ఒకటి తెచ్చి అతని మూతి దగ్గర పెట్టి, "ఏదీ, ఒకసారి నవ్వండి" అంది. డిగ్రీని పనిగట్టుకుని నవ్వమన్న మనిషి అంతకుముందు లేదు. అక్కడికక్కడే మతి పోగొట్టుకున్నాడు.

రెండోసారి కలిసినప్పుడు అతను తన కథ చెప్పాడు. ఆరేళ్ళప్పుడు అమ్మ అతన్ని కిటికీ దగ్గర స్టూలు మీద నిలబెట్టి, "నన్నే చూస్తూ ఉండు, ఇప్పుడే వచ్చేస్తా" అని చెప్పి వీధి మలుపు తిరిగింది. కళ్ళు కాయలు కాసేలా చూశాడు. మధ్యలో దాహమేస్తే ఒక్క నిమిషం దిగి గ్లాసుడు నీళ్ళు తాగొచ్చాడు. అమ్మ మళ్ళీ రాలేదు. చూపు తప్పించబట్టే పోయిందని అప్పుడు అనుకున్నాడు, ముప్పై దాటినా అదే అనుకుంటున్నాడు. ఆ గ్లాసుడు నీళ్ళు ఇంకా గొంతు దిగలేదు పాపం.

మైనంపిల్లకు జాలేసింది. ఆమెకూ ఒక లోటుంది. కూతురు ఇంటికొచ్చిందా లేదా అని వాళ్ళ నాన్న జన్మలో అడిగి ఎరగడు. ఒకసారి రెండు రోజులు స్నేహితురాలి ఇంట్లో ఉండి వస్తే, పేపర్లోంచి తలెత్తి "ఎక్కడికైనా వెళ్ళొచ్చావా?" అన్నాట్ట. అలాంటి పిల్లను ఒకడు రోజుకు పదిసార్లు ఎక్కడున్నావ్, తిన్నావా అని అడుగుతుంటే, ప్రేమంటే ఇదే కాబోలు అనుకుంది. ఆమె ఎక్కడుందో తన ఫోన్లో కనిపించేలా పెట్టుకుంటానంటే, నవ్వుతూ ఫోన్ తీసి చేతిలో పెట్టింది. అతనికి చూడకపోతే భయం. ఆమెకు తనను చూసేవాళ్ళు లేరని దిగులు. భలే కుదిరారు లెండి ఇద్దరూ.

మూడో నెల వచ్చేసరికి డిగ్రీ ఆమెకో కొత్త ఫోన్ కొనిచ్చాడు, తనో కొత్త రిజిస్టర్ కొనుక్కున్నాడు. స్కేలు పెట్టి గడులు గీశాడు. సమయం, చోటు, పక్కన ఎవరు, ఫోన్ చార్జింగ్ ఎంత, మూడ్ ఎలా ఉంది. పొద్దున్న ఏడు నుంచి రాత్రి పది దాకా అరగంటకోసారి, రోజుకు ముప్పై ఒక్క గడులు. చివరి పేజీలో ఆమె పాస్‌వర్డులు ఇరవై రెండు, ఎర్రసిరాతో. ఇదంతా చూసి తను మురిసిపోయాడు. ఇంత శ్రద్ధగా ఏ మగాడు ప్రేమిస్తాడని!

మైనానికి ఈ గడుల సంగతి తెలియదు కదా. కరిగిన పది సెకన్లలో చెక్కకపోతే గట్టిపడి కూర్చుంటుంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగేది.

"పదిన్నర గడి ఖాళీగా ఉంది."

"చేతిలో మైనం ఉంది."

"రెండో చెయ్యి ఏం చేస్తోంది?"

"దీపం పట్టుకుంది."

ఆ జవాబు కొడుతూనే ఆమె వేలు కాల్చుకుంది. వేలు కాలిందని రాస్తే, "ఏ వేలు? ఫోటో పెట్టు" అని వచ్చింది. పక్కన ఎవరు అన్న గడిలో స్నేహితురాలి పేరు కనిపిస్తే ఆ పూటంతా ఎంక్వైరీ కమిషనే. దాంతో మెల్లగా ఆ స్నేహితురాలు రావడమే మానేసింది. జవాబు ఐదు నిమిషాలు ఆలస్యమైతే నలభై మెసేజీలు వచ్చి పడేవి. మొదట బతిమాలుడు, తర్వాత బెదిరింపు, చివర్లో ఏడుపు. ఒక ఆదివారం పార్కు బెంచీ మీద ఆమె ధైర్యం చేసి, "ఆ ఫోన్ మోగితే నా కడుపులో తిప్పుతోంది" అంది. డిగ్రీ వెంటనే రిజిస్టర్ తీసి రాశాడు: "కడుపు బాలేదు. తిండి తేడా చేసి ఉండొచ్చు." వీడి మొహం మండా! ఎదురుగా మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, వీడు మూడ్ గడిలో అక్షరాలు పట్టడం లేదని సన్నగా రాస్తున్నాడు.

ఇంట్లో కర్టెన్లు కుట్టుకుంటూ అక్క చెప్పి చూసింది.

"ఒరేయ్, ఆ పిల్ల నీ స్టోరేజీలో ఐస్‌క్రీమ్ డబ్బా కాదురా."

"కంటికి రెప్పలా చూసుకుంటున్నానక్కా."

"కంటి రెప్ప మధ్యమధ్యలో మూసుకుంటుందిరా. నీది అది కూడా లేదు."

చెవికెక్కితేగా. అతనికి కావలసింది ఒక్కటే, ఆమె పోకూడదు. ఆ ఒక్కటీ తప్ప ఇంకేమీ బుర్రలోకి దూరే పరిస్థితి లేదు.

ల్యాబులో వీళ్ళిద్దరు కాక మరో ఇద్దరుండేవారు. ఇద్దరంటే, ల్యాబు నడిపే పెద్దావిడ ఒకరు, తయారైన పళ్ళను చక్రం మీద నున్నగా చేసే పాలిష్ మామయ్య ఒకరు. డిగ్రీ అక్కడ ఉండేవాడు కాదు గానీ, ఫోన్లో ఉండేవాడు కాబట్టి అతన్నీ లెక్కేశాను. ఒకరోజు ఆ మోతకు మైనంపిల్ల చెయ్యి వణికి మూడు రోజుల పని నేలపాలైంది. పెద్దావిడ లేచి, ఆ ఫోన్ తీసుకెళ్ళి పళ్ళ అచ్చులు పెట్టే ట్రేలో పడేసింది. "ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్ళు జవాబు కొట్టండి. అమ్మాయ్, నువ్వు మాత్రం ముట్టుకోకు" అంది.

చేతులు ఖాళీగా ఉండేది మామయ్యకే. చక్రం వేడెక్కినప్పుడల్లా పావుగంట ఆపాలి. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతికి నొక్కి, చాలా పద్ధతిగా రాసేవాడు. "ల్యాబ్. రెండు సెట్లు మిగిలాయి. చార్జింగ్ డెబ్బై. మూడ్ ప్రశాంతం. నువ్వు తిన్నావా? చెవులకు టోపీ పెట్టుకున్నావా?"

డిగ్రీ ఆశ్చర్యపోయాడు. పిల్ల దారిలో పడింది! అరగంట కొట్టగానే టంచనుగా జవాబు. పైగా ఎంత ఆపేక్ష! ఒకసారి అలవాటులో "సరే బాబూ" అని వచ్చింది. ముద్దుగా పిలిచిందనుకుని రోజంతా మైనస్ ఇరవైలో చెమటలు పట్టేంత పొంగిపోయాడు. ఫోటో అడిగితే మామయ్య బాగా ఆలోచించి, అప్పుడే మెరుగు పెట్టిన కట్టుడు పళ్ళ సెట్టు ఫోటో తీసి పంపాడు. డిగ్రీ అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుని మూడ్ గడిలో రాశాడు: "నవ్వుతోంది."

ఈలోగా మైనంపిల్ల చేతి వణుకు తగ్గింది. వణుకు తగ్గాక ఆలోచన మొదలైంది. వేరే ఊళ్ళో పని చూసుకుంది, కొత్త నంబరు తీసుకుంది, ఇరవై రెండు పాస్‌వర్డులూ మార్చేసింది. మామయ్యతో, "నేను అక్కడ కుదురుకునేదాకా ఒక్క రెండ్రోజులు జవాబులిస్తూ ఉండండి మామయ్యా. లేకపోతే వెతుక్కుంటూ అక్కడికే వచ్చేస్తాడు. తర్వాత ఫోన్ ఆపేసి అతనికి ఇచ్చెయ్యండి" అంది. అయినా చెప్పకుండా పోవడం ఆమెకు మనసొప్పలేదు. ఆదివారం నాలుగింటికి బస్ స్టాపుకు రమ్మని, ముందురోజు సాయంత్రం స్టోరేజీ గేటు దగ్గరికొచ్చి తన నోటితో పిలిచి వెళ్ళింది.

డిగ్రీ వచ్చాడు. ఆమె కాళ్ళ దగ్గర పెద్ద బ్యాగుంది. స్టాపులో ఇంకెవరూ లేరు.

"నేను వెళ్ళిపోతున్నా. ఇంక మన మధ్య ఏమీ లేదు. ఈ మాట నీకు మొహం మీద చెప్పాలనే ఆగాను" అంది.

అలవాటు కొద్దీ డిగ్రీ చెయ్యి జేబులోకి పోయింది. ఫోన్ తీసి చూశాడు. ఆమె ఎక్కడుందో చూపించే నీలం చుక్క ల్యాబు మీద నిశ్చింతగా వెలుగుతోంది. కోల్డ్ స్టోరేజీలో రెండో రూలు ఒకటుంది: చేతికి ఎలా తగిలిందన్నది కాదు, మీటరు ఏం చెప్పిందన్నదే లెక్క.

"నువ్వు ల్యాబులో ఉన్నావ్ కదా" అన్నాడు.

"ఏంటి?"

"ల్యాబులో ఉన్నావ్. ఇదిగో, చూడు."

"నీ ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాను!"

"మరి ఇక్కడ అలా చూపించట్లేదే! ఎందుకు అబద్ధాలాడతావ్? ఎక్కడున్నావో అడిగితే ఒక్కనాడూ నిజం చెప్పవు."

అంతలో నాలుగు కొట్టింది. డిగ్రీ "ఎక్కడున్నావ్?" అని మెసేజీ పెట్టాడు. ఆమె ముందే నిలబడి, ఆమెకే. అరనిమిషంలో జవాబొచ్చింది. "ల్యాబ్. ఒక సెట్టు మిగిలింది. మూడ్ ప్రశాంతం. నువ్వు తిన్నావా?"

"చూశావా? ఇప్పుడేమంటావ్?" అని ఆ ఫోన్ ఆమె ముఖానికి దగ్గరగా పెట్టాడు.

ఆమె చదివింది. ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. బస్సు వచ్చి ఆగితే బ్యాగు భుజానికి తగిలించుకుంది. "ఒక్కసారి నన్ను చూడు" అని మెట్టు మీంచి అంది. మనవాడు చూడలేదు. రిజిస్టర్ మోకాలి మీద పెట్టుకుని నాలుగు గంటల గడి నింపుతున్నాడు: "ల్యాబ్. బాగుంది."

ఇంటికెళ్ళాక ఎక్కడో చిన్న అనుమానం గీకింది. "సాయంత్రం బస్ స్టాపుకు వచ్చావా?" అని పంపాడు. "లేదు, ఇక్కడే ఉన్నా" అని మామయ్య రాశాడు. ఆయన అబద్ధం ఆడలేదు కూడా. డిగ్రీ హాయిగా నిద్రపోయాడు.

ఆ తర్వాతి నలభై రోజులూ అతని జీవితంలోకెల్లా మంచి రోజులు. నీలం చుక్క అంగుళం కదలడం లేదు. ఆదివారాలు పని ఉందంటే పోనీలే అనుకున్నాడు, కలిస్తే గొడవలే కదా అవుతున్నాయి. పక్కన ఎవరు అంటే ఎవరూ లేరు అనే వస్తోంది. రెండు రోజులకని పెట్టుకున్న పని మామయ్య ఎందుకు ఆపలేదో తర్వాత చెబుతాను. నలభై రోజులు, పన్నెండు వందల నలభై గడులు, ఒక్కటీ ఖాళీ లేదు. మనిషి లేకుండా పోయాకే ఆ ప్రేమ వీడి చేతికి అచ్చంగా దొరికింది. ఎలాంటి ప్రేమంటారో దాన్ని, మీరే చెప్పండి.

నలభై ఒకటో రోజు పొద్దున్న డిగ్రీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, "అక్కా, పద. పెళ్ళి మాట్లాడి వద్దాం" అన్నాడు. అక్క కుట్టుమిషను ఆపి అతన్ని ఎగాదిగా చూసింది. "ఆ పిల్ల ఒప్పుకుందా?" అంటే, ఆనాటి మెసేజీ చూపించాడు. పెళ్ళి చేసుకుందామా అన్నదానికి జవాబు: "ముందు ఇంట్లో పెద్దవాళ్ళతో చెప్పు. మూడ్ కొంచెం ఆందోళన." అక్క చెప్పులేసుకుంది.

ల్యాబు తలుపు తీసేసరికి పెద్దావిడ ప్లాస్టర్ కలుపుతోంది. మామయ్య చక్రం దగ్గర ఉన్నాడు. కిటికీ పక్క బల్ల మీద మైనం లేదు, దీపం లేదు. డిగ్రీ ఫోన్ చూసుకున్నాడు. చుక్క సరిగ్గా ఇక్కడే ఉంది. "ఏదీ, తనేదీ?" అన్నాడు. అలవాటుగా మెసేజీ కొట్టాడు. ట్రేలో అచ్చుల మధ్య ఫోన్ టింగుమంది. మామయ్య చెయ్యి దానంతట అదే ముందుకు చాచుకుని, మధ్యలో ఆగిపోయింది.

"వెళ్ళిపోయి నలభై రోజులైంది" అంది పెద్దావిడ.

"ఎక్కడికి?"

"మాకు తెలుసు. నీకు చెప్పం."

డిగ్రీకి కోపం తలకెక్కింది. చెప్పకపోతే నాకు తెలియదా అంటూ రిజిస్టర్ చివరి పేజీ తీసి ఒక్కో పాస్‌వర్డూ కొట్టడం మొదలుపెట్టాడు. మొదటిది తప్పు. రెండోది తప్పు. ఇరవై రెండూ తప్పు. బల్ల మీద చేత్తో గుద్దితే, అక్కడున్న అచ్చులన్నీ కటకటా కొట్టుకున్నాయి. పెద్దావిడ ఒక అడుగు వెనక్కి వేసింది. అక్క అతని చొక్కా కాలరు పట్టుకుని, "ఇదేనా నువ్వు ఆ పిల్లకు చూపించిన ముఖం?" అంది.

మామయ్య లేచి వచ్చాడు. "తప్పు నాదీ ఉంది బాబూ. రెండ్రోజులే జవాబివ్వమంది. నేనే ఆపలేకపోయాను. మా ఆవిడ పోయాక ఆరేళ్ళుగా, ఎక్కడున్నావయ్యా అని నన్నడిగిన మనిషి లేదు. ఈ వెనక గదిలో ఒక్కణ్ణే ఉంటాను. నువ్వు అరగంటకోసారి అడుగుతుంటే, పాడుముండా ప్రాణం, బాగుందనిపించింది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కానీ ఒకటి చెప్పనా? నాకు నచ్చకపోతే నేను ఆపెయ్యగలను. అది తెలుసు కాబట్టే నాకు బాగుంది. ఆ పిల్లకు ఆ వీలే లేకుండా చేశావు."

"మరి నాకు ఒక్క మాట చెప్పి పోవచ్చుగా!" డిగ్రీ గొంతు ఆరేళ్ళ పిల్లాడిలా కీచుగా వచ్చింది. "అమ్మ కూడా చెప్పకుండా ఇలాగే..."

"చెప్పానందే. బస్ స్టాపులో, నీ ఎదురుగా నిలబడి" అంది పెద్దావిడ.

డిగ్రీ రిజిస్టర్ వెనక్కి తిప్పాడు. ఆ ఆదివారం దొరికింది. నాలుగు గంటలు. ల్యాబ్. బాగుంది. తన రాతే. ఆ రోజు ఆమె ఏ రంగు బట్టలు వేసుకుంది? గుర్తు లేదు. ఏమంది? నవ్వినట్టుంది. కాదు, ఏడ్చిందా? ఎంత గింజుకున్నా కళ్ళ ముందుకు ఆమె ముఖం రావడం లేదు, నీలం చుక్క ఒక్కటే వస్తోంది. నవ్వమని అడిగిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఆమె బల్ల ముందున్న ఖాళీ స్టూలు మీద కూలబడ్డాడు.

అక్క పక్కనే నిలబడింది. ఈసారి గొంతు పెంచలేదు. "ఒరేయ్, అమ్మ నువ్వు నీళ్ళు తాగావని పోలేదురా. పోవాలనుకుంది, పోయింది. రెప్ప వెయ్యకుండా చూసినా పోయేదే. ఆ కిటికీ దగ్గర నేనూ ఉన్నాను. నేను చూస్తూనే ఉన్నాను."

"నువ్వూ చూశావా?"

"వెనక్కి తిరిగి కూడా చూడలేదురా."

ఇన్నేళ్ళకు ఆ మాట చెప్పింది అక్క. నాకూ వాడి మీద జాలే. కానీ తల్లి పోయిన పిల్లలు లోకంలో వీడొక్కడే కాదు, వీళ్ళక్క కూడా ఆ తల్లి కూతురే. కర్టెన్లు కుట్టుకుంటూ బతికింది, ఎవరి మెడకూ తాడు వెయ్యలేదు.

డిగ్రీ ఆ ఆదివారం పేజీని ముందుకు లాక్కున్నాడు. కోల్డ్ స్టోరేజీలో మూడో రూలు కూడా ఒకటుంది. తప్పు రాస్తే చెరపకూడదు, పేజీ చింపకూడదు. కింద ఏముందో కనిపించేలా ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, సంతకం పెట్టాలి. పదకొండేళ్ళలో అతనికి ఆ రూలుతో పని పడలేదు. మెడలో తాడుకున్న పెన్ను తీశాడు. "ల్యాబ్. బాగుంది" మీద ఒక్క గీత కొట్టాడు. పైన చిన్న అక్షరాలతో రాశాడు:

"బస్ స్టాప్. నా ఎదురుగా ఉంది. వెళ్ళిపోతున్నానని చెప్పింది. నేను చూడలేదు."

సంతకం పెట్టాడు. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. అతని ఫోన్ గడి నింపమని మోగింది. మామయ్య అతని వంకా ట్రే వంకా చూశాడు. డిగ్రీ ఆ రోజు పేజీ తీసి, పదకొండున్నర గడి మీద పెన్ను ఆనించి, కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత పెన్నుకు మూత పెట్టి, గడి ఖాళీగానే వదిలేసి, అక్క వెనకాలే బయటికి నడిచాడు.